జాగ్వార్ మార్క్ 2: పేరు తెచ్చింది ఇంజిన్ ఒక్కటేనా?

ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారై 1959 అక్టోబరులో విడుదలైన జాగ్వార్ మార్క్ 2 సెలూన్ గురించి ఎవరు రాసినా ముందు 3.8 లీటర్ల ఇంజిన్‌నే పొగుడుతారు. 220 హార్స్‌పవర్. గంటకు దాదాపు 125 మైళ్ల గరిష్ఠ వేగం. నిలిచిన చోటి నుంచి 60 మైళ్ల వేగం అందుకోవడానికి ఎనిమిదిన్నర సెకన్లు. తోలు సీట్లు, వాల్‌నట్ చెక్క డాష్‌బోర్డు ఉన్న నాలుగు తలుపుల కారుకు ఆ రోజుల్లో ఇవి అరుదైన అంకెలు. అయితే మార్క్ 2 ఖ్యాతికి అసలు కారణం ఆ ఇంజినేనా? కంపెనీ కొలతలు, ఉత్పత్తి లెక్కలు, రోడ్డు పరీక్షల అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు అంత తేలిగ్గా తేలదు.

ఇంజిన్ వయసు

మార్క్ 2 వచ్చేనాటికే అందులో వాడిన ఎక్స్‌కే ఇంజిన్‌కు పదకొండేళ్లు. 1948 లండన్ మోటార్ షోలో ఎక్స్‌కే120 స్పోర్ట్స్ కారుతో అది తొలిసారి జనం ముందుకొచ్చింది. విలియం హేన్స్ నాయకత్వంలో వాల్టర్ హసన్, క్లాడ్ బైలీ దాని రూపకల్పనలో పనిచేశారు. సిలిండర్ హెడ్‌ను తీర్చిదిద్దడంలో హ్యారీ వెస్లేక్ చేయి ఉంది. వరసగా ఆరు సిలిండర్లు, అల్యూమినియం హెడ్, దాని మీద రెండు క్యామ్‌షాఫ్టులు. మొదట్లో 3,442 సీసీ, 160 హార్స్‌పవర్.

మార్క్ 2కి ముందు తరం సెలూన్‌లోనే, 1957లో, ఈ ఇంజిన్ 210 హార్స్‌పవర్ ఇచ్చింది. 3,781 సీసీకి పెంచిన ఇంజిన్ కూడా మార్క్ 2తో మొదలు కాలేదు. 1958లో మార్క్ 9 అనే పెద్ద సెలూన్‌లో వచ్చింది. అంటే 3.4 నుంచి 3.8కి కాగితం మీద పెరిగింది పది హార్స్‌పవరే. టార్క్ మాత్రం సుమారు 215 పౌండ్-అడుగుల నుంచి 240కి చేరింది. నడిపేవారికి తెలిసే తేడా అక్కడే ఉంది.

220 అన్న అంకెనూ జాగ్రత్తగా చదవాలి. ఫ్యాను, డైనమో, సైలెన్సర్ లాంటివి తినే శక్తిని తీసివేయకుండా టెస్ట్ బెంచ్ మీద కొలిచిన స్థూల లెక్క అది. నేటి కార్లకు ఇచ్చేది నికర లెక్క. ఈ రెంటినీ నేరుగా పోల్చకూడదు.

1959లో మారినవి

1955లో వచ్చిన పాత సెలూన్‌లో ముందు చక్రాలతో పోలిస్తే వెనక చక్రాలు బాగా దగ్గరగా ఉండేవి. మార్క్ 2లో వాటి మధ్య ఎడం మూడు అంగుళాలకు పైగా పెరిగింది. కిటికీ చట్రాలు సన్నబడి అద్దాలు పెద్దవయ్యాయి. నాలుగు చక్రాలకూ డన్‌లప్ డిస్క్ బ్రేకులు తప్పనిసరిగా వచ్చాయి. 3.8కి లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అదనం. ఆ బ్రేకులు రేసుల్లో రాటుదేలినవే. 1952లో రీమ్స్‌లో స్టిర్లింగ్ మాస్ గెలిచిన జాగ్వార్ రేసు కారు సీ-టైప్‌కూ, 1953లో లె మాన్ గెలిచిన సీ-టైప్‌కూ ఉన్నవి డిస్క్ బ్రేకులే.

పాత కారు లోపానికి రుజువుగా కొందరు కారు రేసుల ప్రపంచ ఛాంపియన్ మైక్ హాథార్న్ మరణాన్ని చూపుతారు. 1959 జనవరి 22న గిల్డ్‌ఫర్డ్ దగ్గర 3.4 నడుపుతూ ఆయన చనిపోయిన మాట నిజం. కానీ రోడ్డు తడిగా ఉంది, కారు మార్పులు చేసినది, ప్రమాద కారణం నేటికీ రూఢి కాలేదు. దాన్ని సాక్ష్యంగా ఎంచడం సరికాదు.

అదే ఇంజిన్, వేరే కారు

ఇంతకంటే పనికొచ్చే పోలిక మార్క్ 9. దానిలోనూ అదే 220 హార్స్‌పవర్, నాలుగు డిస్క్ బ్రేకులు. అయినా ఆటోమేటిక్ గేర్లున్న మార్క్ 9కి 60 మైళ్ల వేగం అందుకోవడానికి సుమారు 11 సెకన్లు పట్టింది. గేర్‌బాక్సులు వేరు కాబట్టి ఈ తేడా అంతా బరువుదే అనలేం. కానీ మార్క్ 2 బరువు సుమారు 1,500 కిలోలు. మార్క్ 9 అంతకంటే బాగా బరువైనది. ఇంజిన్ ఒక్కటే చాలదనీ, బ్రేకులు ఒక్కటే చాలవనీ ఈ పోలిక చూపుతుంది.

కొన్నవారు ఎంచుకున్నది

దాదాపు 84 వేల మార్క్ 2లు తయారయ్యాయి. వాటిలో 3.8 లీటర్ల ఇంజిన్‌వి సుమారు 30 వేలు, 3.4వి 28 వేలకు పైగా, అన్నిటికంటే చిన్నదైన 2.4వి 25 వేలకు పైగా. పైకి 3.8దే మొదటి స్థానం. కానీ ఆ 30 వేలలో దాదాపు సగం ఎడమవైపు స్టీరింగ్ ఉన్నవి. కుడివైపు స్టీరింగ్ కార్లనే లెక్కిస్తే 3.4, 2.4 చెరో 22 వేల దాకా ఉండగా, 3.8 దాదాపు 15 వేల దగ్గరే ఆగింది. కుడివైపు స్టీరింగ్ కార్లన్నీ బ్రిటన్‌లోనే అమ్ముడుపోలేదు గానీ, సొంతగడ్డ మీద అత్యంత శక్తిమంతమైన ఇంజినే అందరి ఎంపిక కాదని ఇవి గట్టిగానే సూచిస్తున్నాయి. ఇన్‌స్పెక్టర్ మోర్స్ టీవీ సీరియల్‌తో లోకమంతా ఎరిగిన ఎర్ర మార్క్ 2 కూడా 2.4దే.

మరి 3.8కి అంత పేరెలా వచ్చింది? రేసులు ఒక కారణం: 1963 యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌ను పీటర్ నోకర్ ఈ కారుతోనే గెలిచాడు. కాలం కలిసిరావడం మరో కారణం కావచ్చు. కారు విడుదలైన కొన్ని వారాలకే, 1959 నవంబరు 2న, బ్రిటన్‌లో ఎం1 మోటార్‌వే తెరుచుకుంది. 1965 డిసెంబరు దాకా దాని మీద వేగ పరిమితి లేదు.

ఉన్న ఆధారాలతో చేయదగిన నిర్ధారణ ఇది: మార్క్ 2కి ఇంజిన్ పేరు తెచ్చింది. ఆ శక్తిని మామూలు రోడ్డు మీద వాడుకునేలా చేసినవి తేలికపాటి బాడీ, వెనక చక్రాల మధ్య పెరిగిన ఎడం, డిస్క్ బ్రేకులు. వీటిని వదిలి 220 హార్స్‌పవర్‌నే చెప్పుకుంటే, అదే ఇంజిన్ ఉన్న మార్క్ 9కి అంత పేరెందుకు రాలేదన్న ప్రశ్నకు జవాబుండదు.