దశాంశ ధన, రుణ సంఖ్యల కూడిక, తీసివేత

గుర్తులు ఒకటైతే విలువలు కూడి అదే గుర్తు పెట్టాలి. వేరైతే పెద్ద విలువలోంచి చిన్నది తీసి, పెద్దదాని గుర్తు ఉంచాలి. తీసివేయాల్సిన సంఖ్య గుర్తు మార్చి కూడితే తీసివేత పూర్తవుతుంది. గణితవేత్త బ్రహ్మగుప్తుడు క్రీ.శ. 628లో ఈ నియమాలను ఆస్తి, అప్పుల మాటల్లో చెప్పాడు.

గోదావరిఖని వంటి బొగ్గు గనుల ప్రాంతంలో ఈ లెక్క పుస్తకానికే పరిమితం కాదు. సర్వేలో మట్టాలను సముద్రమట్టం నుంచి కొలుస్తారు. నేల +142.5 మీటర్లు, బొగ్గు పొర −37.85 అనుకుందాం. లోతు 142.50 − (−37.85), అంటే 180.35 మీటర్లు. 104.65 అని రాస్తే పొర సముద్రమట్టానికి పైన ఉందని ఒప్పుకున్నట్టే! నిలువుగా రాసేటప్పుడు దశాంశ బిందువు కింద బిందువు పడాలి, 142.5 చివర సున్నా చేర్చింది అందుకే. బొగ్గు పొర నుంచి మరో 12.4 మీటర్లు దిగితే మట్టం −50.25.