కాగితపు వర్తకుడు – ఓడల న్యాయస్థానం

చరిత్ర అనగానే రాజులు, యుద్ధాలు మనకు స్ఫురిస్తాయి. కాని పదిహేడవ శతాబ్దపు సముద్ర వాణిజ్యాన్ని నిలబెట్టినవారిలో కాగితాలు అమ్ముకొనే సామాన్య వర్తకుడు కూడ ఒకడు. అతని వృత్తిని, అతని సాక్ష్యానికి గల విలువను మన విద్యార్థులు తెలిసికొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

లండన్ నగరంలో కాగితపు వర్తకులు, పుస్తక విక్రేతలు, ముద్రాపకులు కలిసిన సంఘానికి 1557లోనే రాజశాసనం లభించింది. ఆ వర్తకుని దుకాణంలో కాగితం, చర్మపత్రాలు, ఈకకలాలు, సిరా, కుట్టిన ఖాతా పుస్తకాలు దొరికేవి. 24 ఠావులు ఒక దస్తా, 20 దస్తాలు ఒక రీము. అనగా రీముకు 480 ఠావులు. ఇంగ్లండులో తెల్లకాగితం తయారీ అప్పటికి స్వల్పమే. అందుచేత అధికభాగం ఫ్రాన్సు మొదలైన దేశాల నుండి ఓడలపై వచ్చేది; ఖాతా పుస్తకాలుగా మారి మరల ఓడలెక్కేది. 1611లో ‘గ్లోబ్’ అనే ఆంగ్ల నౌక మచిలీపట్నం చేరడంతో, తాటాకుపై గంటంతో లెక్కలు వ్రాసే మన సీమకు ఆంగ్లేయుల ఖాతాలు కూడ వచ్చి చేరాయి.

ఓడలో సరకు ఎక్కించినప్పుడు నౌకాధిపతి ఇచ్చే రశీదును సాధారణంగా మూడు ప్రతులుగా వ్రాసేవారు. ఒకటి చెల్లితే తక్కినవి చెల్లవు. బేళ్లపై గల వర్తకుని గుర్తును రశీదు అంచున వేసేవారు. ఓడ శత్రువుల పాలైనా, సరకు తడిసినా, నావికులకు జీతం అందకపోయినా తగవు లండన్‌లోని నౌకా న్యాయస్థానానికి చేరేది.

అక్కడి పద్ధతి గమనించదగినది. ముందే వ్రాసి ఉంచిన ప్రశ్నలతో సాక్షిని ఏకాంతంగా విచారించేవారు. పేరు, నివాసం, వృత్తి, వయస్సు నమోదు చేసేవారు. కక్షిదారునికి చుట్టమా, వ్యాజ్యంలో లాభమేమైనా ఉన్నదా అని అడిగేవారు. చెప్పిన మాట ఎలా తెలిసినదో కూడ చెప్పవలసి ఉండేది. చివర సాక్షి సంతకం చేసేవాడు. అక్షరం రానివాడు గుర్తు వేసేవాడు. కాగితపు వర్తకుడైనా తాను అమ్మిన పుస్తకాన్ని, తానెరిగిన చేవ్రాతను, తాను ఎక్కించిన సరకును గురించి చెప్పినప్పుడే ఆ మాటకు బలం. విన్నది వేరు, కన్నది వేరు. ఆ వాఙ్మూలాల సంపుటాలు నేటికీ లండన్‌లోని క్యూలో గల జాతీయ పత్రాగారంలో భద్రంగా ఉన్నాయి.

ఇది మనకు మరీ దూరపు కథ కాదు. 1657లో శివాజీ కల్యాణ్, భివండీలను వశపరచుకొని, తరువాత ఈ ఖాడీ ప్రాంతంలోనే ఓడలు కట్టించాడు. ఈస్టిండియా కంపెనీ 1684లో బొంబాయిలో, 1686లో మద్రాసులో నౌకా న్యాయస్థానాలను నెలకొల్పింది.

నేడు కామత్‌ఘర్‌లో మగ్గాల నడుమ జీవించే మన కుటుంబాల చేతికి ఓడల పత్రాలు రావు. కూలి లెక్కలు, అప్పు పత్రాలు, అద్దె ఒప్పందాలు వస్తాయి. వాటిని చదువలేనివాడు చేసిన కష్టాన్ని సైతం నిరూపించుకొనలేడు. చదివి అర్థం చేసికొన్న పిమ్మటనే సంతకం చేయడం, తెలిసినంతవరకే తెలిసినట్లు చెప్పడం – ఈ రెండు అలవాట్లను పిల్లలకు వారి మాతృభాషలోనే నేర్పగలిగిన నాడు పాఠశాల తన పని చేసినట్లు. ఇంట్లో వచ్చే కాగితాలను పిల్లల చేత బిగ్గరగా చదివించమని తల్లిదండ్రులకు నా విన్నపం.