కోఠీ దొర జామా

హైదరాబాదు కోఠీలో ఇవాళ మహిళా విశ్వవిద్యాలయం ఉన్న చోట ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెన్సీ ఉండేది. దాన్ని కట్టించిన బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ ఇంట్లో హైదరాబాదీ దుస్తుల్లోనే తిరిగేవాడు. మీసం పెంచాడు, చేతులకు గోరింటాకు పెట్టుకునేవాడు. నిజాం ఇచ్చిన బిరుదు హష్మత్ జంగ్.

ఈ వేషం దౌత్యపు ఎత్తుగడ అనిపించవచ్చు; దర్బారు మర్యాద తెలిసినవాడి మాటకు విలువెక్కువ, నిజమే. కానీ హైదరాబాదు కులీన యువతి ఖైరున్నీసాను పెళ్లాడినవాడి వేషాన్ని ఉత్త ఎత్తుగడ అనలేం. ఆ పెళ్లి మింగుడుపడక గవర్నర్ జనరల్ వెల్లస్లీ విచారణ జరిపించాడు.

1805లో ఆ దంపతుల పిల్లలిద్దరినీ ఇంగ్లండు ఓడ ఎక్కించే ముందు మద్రాసులో జార్జ్ చిన్నరీ వాళ్ల బొమ్మ గీశాడు. పిల్లవాడికి జరీ అంచు ఎర్ర జామా, మెడలో ముత్యాల పేర్లు, ముక్కు పైకి తిరిగిన చెప్పులు. లండన్‌లో బాప్తిస్మమిచ్చి, సాహెబ్ ఆలంను విలియంగా, సాహెబ్ బేగంను కేథరిన్‌గా మార్చారు.