వైమానికుని ముంజేతి గడియారము

విమానము నడుపు వానికి జేబులోని గడియారము తీసి చూచుటకు చేయి తీరిక యుండదు. బ్రెజిల్ దేశీయుడైన వైమానికుడు శాంటోస్ డ్యూమాంట్ పడుచున్న ఈ ఇక్కట్టును తీర్చుటకై, పారిస్‌లోని ఆయన మిత్రుడు లూయీ కార్టియే 1904లో మణికట్టున కట్టుకొను గడియారమును చేసి యిచ్చెను. కాని వైమానికునికి వేళ తెలిసినంత మాత్రమున చాలదు. ఎంతసేపు ఎగిరితిని? ఉన్న ఇంధనము గమ్యమునకు చేర్చునా? లెక్క తప్పినచో దారిప్రక్కన ఆగి సరిచూచుకొను వీలు ఆకాశమున లేదు గదా!

గడచిన వ్యవధిని కొలుచు గడియారమును క్రోనోగ్రాఫ్ అందురు. ఆ మాటకు ‘కాలమును వ్రాయునది’ అని అర్థము. 1821లో పారిస్ గుర్రపు పందెములలో రియోసెక్ ఉపయోగించిన యంత్రము నిజముగానే ఫలకముపై సిరాచుక్క పెట్టెడిది. సిరా పోయినది, పేరు నిలిచినది.

ఇందలి పనితనమంతయు ముల్లును మరల సున్నకు తెచ్చుటలో కలదు. 1844లో అడాల్ఫ్ నికోల్ దానికొక ఉపాయము కనిపెట్టెను. ముల్లు ఇరుసుకు రావియాకును పోలిన చిన్న ఉక్కుబిళ్ల యుండును. మీట నొక్కగనే సుత్తివంటి కమ్మి ఆ బిళ్ల అంచుపై పడును. బిళ్ల ఏ దిక్కున నున్నను గిఱ్ఱున తిరిగి, తొడిమవైపు నొక్కు సుత్తి క్రిందికి వచ్చిన పిదపనే నిలుచును. ముల్లు సున్న వద్ద నుండును. ఇంతకన్న సరళమైన యుక్తి గడియారములలో నాకు కనబడలేదు.

స్విట్జర్లండులోని బ్రైట్లింగ్ సంస్థ 1952లో రూపొందించిన ‘నావిటైమర్’ దీనికి గణనమును జోడించినది. ఫలకము చుట్టును రెండు కొలతపట్టీలు, వెలుపలిది తిరుగును. సంవర్గమానముల పట్టికలతో తంటాలు పడిన విద్యార్థులకు ఇందలి సూత్రము పరిచితమే. గుణకారము ఇక్కడ కూడికగా మారును. 36 నిమిషములలో 90 మైళ్లు వచ్చితిమనుకొనుడు. వెలుపలి 90ని లోపలి 36కు ఎదురుగా నిలిపినచో, 60కి ఎదురుగా 150 కనబడును. అదియే గంటకు వేగము. పట్టీని కదపకయే 200 మైళ్లకు 80 నిమిషములని చదువవచ్చును. పట్టీపై 20 అని మాత్రమే యుండును. సున్నను చేర్చుకొను బాధ్యత వైమానికునిదే. ఫలకము కిక్కిరిసినదను ఆక్షేపణ కలదు. అలంకారమునకు కొనువారి విషయమున అది సబబే.

1962 మే 24న అమెరికా వ్యోమగామి స్కాట్ కార్పెంటర్ ఈ గడియారమును ధరించి భూమిని మూడుమార్లు చుట్టెను. అచ్చట గంటన్నరకొక ఉదయము. అందుచే రేయింబవళ్లు పొరబడకుండ ఇరువదినాలుగు గంటల ఫలకమును కోరి చేయించుకొనెను. దిగునపుడు నౌక గురితప్పి సుమారు 400 కిలోమీటర్ల అవతల సముద్రమున పడెను. సహాయము వచ్చులోగా ఉప్పునీరు గడియారములోనికి చొరబడినది. 2022లో సంస్థ దానిని బాగుచేయకయే, తుప్పుపట్టిన ఫలకముతోనే ప్రదర్శించినది.