సిండరెల్లా పాదం

పిల్లలకు చెప్పే కథల్ని చరిత్రతో ముడిపెట్టి చదవడం మన విమర్శకులకు పెద్దగా అలవాటు లేదు. ‘అనగనగా’ అనడంతోనే ఆ కథ కాలం బయటికి వెళ్ళిపోతుందని ఒక నమ్మకం. సిండరెల్లా కథ ముందు ఈ నమ్మకం నిలవదు. మారియన్ రోల్ఫ్ కాక్స్ అనే ఆంగ్ల పరిశోధకురాలు 1893లోనే ఈ కథకు 345 రూపాలను సేకరించి ప్రచురించింది. ఏ కాలం ఆ పిల్లను ఏ పనిలో పెట్టింది, ఎవరికిచ్చి పెళ్ళి చేసింది అని చూస్తే ఆ కాలపు వర్గ సంబంధాలు బయటపడతాయి.

ఈ కథకు దొరికిన పాత లిఖిత రూపాల్లో ఒకటి చైనాది. తాంగ్ వంశపు కాలంలో, 9వ శతాబ్దంలో, దువాన్ చెంగ్‌షీ అనే పండితుడు యె షియన్ అనే అమ్మాయి కథను రాసిపెట్టాడు. సవతితల్లి ఆమెను కట్టెలకూ నీళ్ళకూ తిప్పుతుంది. ఆమె పెంచుకున్న చేపను చంపి తింటుంది. ఆ చేప ఎముకలే పండగనాటికి బట్టలూ బంగారు చెప్పులూ ఇస్తాయి. దక్షిణాదిన గుహల ప్రాంతపు జనంలో పుట్టి, తన ఇంట్లో పనిచేసిన మనిషి తనకు ఈ కథ చెప్పాడని దువాన్ అతని పేరుతో సహా నమోదు చేశాడు. ఇది చిన్న విషయం కాదు. చెప్పింది నౌకరు, రాసింది దొర. ఆ కథలో రాజు మంచివాడేం కాదు. పెళ్ళయ్యాక మణుల కోసం ఆ ఎముకల్ని పీడిస్తాడు. ఏడాది తిరిగేసరికి అవి ఇవ్వడం మానేస్తాయి. రాజుల సంగతి నౌకర్లకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది?

1697లో ఫ్రాన్సులో షార్ల్ పెరో చేతికి వచ్చేసరికి కథ ఆస్థానం చేరింది. పెరో 14వ లూయీ మంత్రి కోల్బేర్ దగ్గర పనిచేసినవాడు. గాజుచెప్పు, గుమ్మడికాయ బండి ఆయన కథలోవే. ఆయన సిండరెల్లా పెద్దింటి బిడ్డ. పొయ్యి దగ్గరికి నెట్టబడి, మళ్ళీ తన అంతస్తుకు చేరుకుంటుంది. కథ చివర పెరో పెట్టిన రెండో నీతి తమాషాగా ఉంటుంది: పుట్టుకా తెలివీ ధైర్యమూ ఎన్ని ఉన్నా, వెనక పెద్దల అండ లేకపోతే పైకి రాలేరట. కొలువులో బతికినవాడు గనుక నిజం చెప్పాడు. గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన జర్మన్ రూపంలో కత్తి ప్రవేశించింది. చెప్పు పట్టడానికి సవతి అక్కలు పాదాలు కోసుకుంటారు. రాణివయ్యాక నడవాల్సిన పనేముంది అని తల్లి నచ్చజెబుతుంది. నడవనక్కరలేనివాళ్ళే పాలకులన్న తర్కం ఇంతకంటే సూటిగా ఎవరు చెప్పారు?

అమెరికా రచయిత్రి మారిస్సా మేయర్ 2012లో ప్రచురించిన ‘సిండర్’ నవల ఈ వరసలోదే. నాలుగో ప్రపంచయుద్ధం తర్వాత ఎప్పుడో, కొత్త బీజింగు నగరంలో జరుగుతుంది. సిండర్ యంత్రాలు బాగుచేసే మెకానిక్. లెక్కకట్టి చెప్పాలంటే ఆమె శరీరంలో 36.28 శాతం యంత్రమే. సగం మనిషీ సగం యంత్రమూ అయిన ప్రాణికి సైబోర్గ్ అన్న పేరును 1960లో క్లైన్స్, క్లైన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు పెట్టారు. రోదసిలో బతకడానికి మనిషి శరీరాన్ని మార్చుకుని మరింత స్వేచ్ఛ పొందుతాడని వాళ్ళ ఊహ. అంతకు నలభై ఏళ్ళ ముందు, 1920లో, కారెల్ చాపెక్ తన నాటకంలో వాడిన రోబో అన్న మాట చెక్ భాషలో వెట్టిచాకిరీని సూచించే మాట నుంచి వచ్చింది. వెట్టి అంటే ఏమిటో తెలంగాణ పాఠకుడికి ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. సిండర్ పేరుకు సైబోర్గ్ గానీ, ఆమె బతుకు చాపెక్ మాటకే దగ్గర. చట్టం ప్రకారం ఆమె పెంపుడుతల్లి ఆడ్రి సొత్తు. సంపాదనంతా ఆడ్రిదే. మహమ్మారికి మందు కనిపెట్టే పేరుతో సైబోర్గులను రోజూ వంతుల మీద ప్రయోగశాలకు పట్టుకుపోతుంటారు. కుటుంబానికి పరిహారం ముడుతుంది. ఆడ్రి తానే సిండర్‌ను అప్పగిస్తుంది.

నవల ఆమె పాదంతో మొదలవుతుంది. సంతలో తన అంగట్లో కూచుని ఆమె తన ఇనప పాదం మర విప్పుతుంటుంది. చిన్నప్పుడు బిగించిన పాదం అది. ఒళ్ళు పెరిగింది, అది పెరగలేదు. కొత్తది సంపాదించుకుంటే ఆడ్రి దాన్నీ లాక్కుంటుంది. అందుకే రాజసౌధంలో విందుకు ఆ పాత పాదంతోనే వెళ్తుంది. మెట్ల మీద ఊడిపోయేదీ అదే. పెరోలో జారింది చెప్పు, ఇక్కడ ఊడింది కాలు. గ్రిమ్ కథలో కాలు కోసుకున్నది రాణులు కాబోయేవాళ్ళు. ఇక్కడ కాలు లేనిది పనిమనిషి. ఈ ఒక్క మార్పులో మేయర్ మూడు వందల ఏళ్ళ కథను తలకిందులు చేసింది. మంత్రదేవత లేదు, గుమ్మడికాయ లేదు. చెత్తకుప్పలో దొరికిన పాత కారును తన చేతులతో బాగుచేసుకుని వెళ్ళింది. నూనె మరకల చేతితొడుగులతో చక్రవర్తి ముందు నిలబడ్డ ఆ పిల్లను చూస్తే, శ్రమకు ఒక కథానాయిక దొరికిందనిపిస్తుంది.

కానీ రచయిత్రి అక్కడ ఆగలేదు. మెకానిక్ పిల్ల చివరికి చంద్రలోకపు మాయమైన రాకుమారి సెలీన్ అని తేలుతుంది. అంటే పెరో వెనకవాకిలి గుండా మళ్ళీ లోపలికి వచ్చాడు. పనిచేసే చేతులకు కథలో విలువ రావాలంటే వాటిలో రాచరక్తం పారాలి కాబోలు. ఇది నవలల అంగడి కోరే మలుపని కొందరంటారు. అంగడి ఎందుకు కోరుతుందన్నదే కదా ప్రశ్న. దక్షిణ చైనా నౌకరు కథకు రహస్య రాచపుట్టుక అక్కర్లేకపోయింది. 21వ శతాబ్దపు ప్రజాస్వామ్య దేశపు నవలకు అది లేనిదే జరగలేదు.

మేయర్‌కు ఈ ఇబ్బంది తెలియదని అనలేం. ఈ వరసలో చివరిదైన ‘వింటర్’ (2015)లో చంద్రుడి మీది గనుల పేటల్లో జనం తిరగబడతారు. ఆ ఘట్టాల్లో బలం ఉంది. అయితే వాళ్ళు తిరగబడేది తమ ఆకలి పేరు మీద కాదు, బతికి వచ్చిన రాకుమారి పేరు మీద. కిరీటం పెట్టుకున్న సెలీన్ రాచరికాన్నే రద్దు చేస్తానంటుంది. మంచిదే. కానీ గనిలో తవ్వినవాళ్ళను అడిగిన సభ ఏదీ మనకు కనబడదు. ఆ నిర్ణయం మనం వినేది ఆమె దాన్ని భూమి మీది చక్రవర్తితో చెబుతున్నప్పుడు.