మార్కర్ తాత కర్ర

రాబర్ట్‌సన్‌పేటలో మా పాత ఇంటి అటక మీద ఒక కర్ర ఉండేది. చిన్నప్పుడు దాంతో మామిడికాయలు రాల్చబోతే అవ్వ వీపు మీద ఒకటి వేసి లాక్కునింది. "అది మీ ముత్తాతకి దొర ఇచ్చిన బహుమానం రా" అనింది. ఆ కథ మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ముత్తాత చిత్తూరు పక్కనుంచి కోలారు బంగారు గనులకు వచ్చి, గనిలోకి దిగకుండా దొరల క్లబ్బులో మార్కరుగా చేరినాడు. ఒకరోజు ఒక దొరని ఆటలో ఓడించినాడు. దొర మెచ్చి తన కర్రనే చేతికిచ్చినాడంట.

పోయిన సంక్రాంతికి ఇంటికి సున్నం కొట్టిస్తూ ఆ కర్రని కిందికి దించినాము. నల్లగా, జిడ్డుగా, పట్టుకుంటే చేతికి అంటుకునేలాగ ఉండింది. తుడిచి నూనె పెట్టిస్తానని చెప్పి బెంగళూరికి తెచ్చుకున్నా. (నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు రాయడం పెద్దయినాక నేర్చుకున్నా. తప్పులుంటే సర్దుకోండి.)

మార్కరంటే ఈ కాలం పిల్లలకి వైట్‌బోర్డు పెన్ను. అప్పుడు బిలియర్డ్స్ గదిలో స్కోరు పలికి, బోర్డు మీద ముల్లు జరిపే మనిషి. పని అంతటితో అయిపోదు. బల్ల మీది పచ్చగుడ్డకి ఒకే దిక్కున బ్రష్ కొట్టాలి, ఇస్త్రీ చేయాలి. కర్ర చివర తోలు బిళ్ళ అరిగితే కొత్తది అంటించాలి. వానాకాలం తేమకి కర్రలు వంగకుండా చూసుకోవాలి. జోడీ దొరకని దొర వస్తే వాడితో ఆడాలి కూడా.

స్నూకర్ పుట్టింది మన దేశంలోనే. 1875లో జబల్‌పూర్‌లో నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర సైనికాధికారి, అప్పటికే బిలియర్డ్స్ బల్ల మీద ఆడుతున్న పిరమిడ్స్, పూల్ ఆటల్ని కలిపి, రంగు బంతులు చేర్చి దీన్ని మొదలుపెట్టినాడు. తర్వాత ఊటీ క్లబ్బులో నియమాలు రాసి పెట్టినారు. (ఇంగ్లండు ప్రధానమంత్రి చాంబర్లేన్ వేరే మనిషి.) సరిగ్గా అదే 1875లో లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడికి మైసూరు సర్కారు కోలారులో బంగారం తవ్వే అనుమతి ఇచ్చింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగింది. దాని వెనకే బంగళాలు, క్లబ్బులు, వాటి వెనక మన తెలుగోళ్ళు, తమిళులు. ఈ రెండు 1875లకీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ మా ముత్తాత బతుకంతా ఆ రెండూ కలిసిన గదిలోనే గడిచింది. చాంబర్లేన్ 1938లో ఒక పత్రికకు జాబు రాసి, ఈ ఆట నాదే అని చెప్పుకోగలిగినాడు. ఆ గదిలో బంతులు పేర్చిన మార్కరు పేరు మాత్రం నేను చదివినదాంట్లో ఎక్కడా లేదు.

సరే, కర్ర సంగతి. సన్నభాగం యాష్ చెక్క, పట్టుకునే లావుభాగం నల్లని ఎబోనీ. యాష్ చెక్కలో బాణం మొనల్లాగా గీతలు ఉంటాయి. ఆ గీతల పొడుగునా సన్నసన్న రంధ్రాలు. చాక్ పొడి, చెమట, చేతి జిడ్డు వాటిల్లో దూరి గట్టిపడతాయి. నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగు. దేన్నైనా ముందు చిన్న చోట పరీక్షించకుండా ముట్టుకోను. నాయన పాత పంచె ముక్క తడిపి, నీళ్ళు పూర్తిగా పిండేసి, మధ్యలో జానెడు మేర తుడిచినా. వెంటనే పొడిగుడ్డతో ఆరదుడిచినా. కొళాయి కింద పెడితే చెక్క ఉబ్బి వంగుతుంది. గరుకు కాగితం పెట్టమని ఒక స్నేహితుడు అన్నాడు, వద్దన్నా. రుద్దిన ప్రతిసారీ కర్ర కొంచెం సన్నబడుతుంది, పోయిన చెక్క మళ్ళీ రాదు.

రెండు సాయంత్రాలకి మొన దగ్గరికి వచ్చినా. అక్కడ నలుపు కింద చెక్క నున్నగా లేదు. గాజు పెంకుతో గీకినట్టు చిన్నచిన్న పలకలు తేలినాయి. తోలు బిళ్ళ కింది ఇత్తడి ఉంగరం అంచున రంపం గీతలు, చేత్తో కోసినవి. టేపు పెట్టి కొలిచినా. మామూలుగా ఈ కర్రలు 57, 58 అంగుళాలు ఉంటాయి, ఇది 54. మొన 9, 10 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 12 ఉంది. అంటే మొన విరిగింది. విరిగినంత కోసేసి, మిగిలినదాన్ని గీకి సన్నం చేసి, ఎక్కడిదో ఇత్తడి గొట్టం ముక్క తొడిగినారు. క్లబ్బువాళ్ళు బయట పారేసిన కర్ర ఇది. మెచ్చిన దొర విరిగిన కర్ర ఇవ్వడు కదా.

పెదనాయనకి ఫోన్ చేసి చెప్పినా. కాసేపు మాట్లాడలేదు. "అయితే మా తాత అబద్ధం చెప్పినాడంటావా?" అన్నాడు. నేను అలా అనలేదు. ఓడించిన మాట నిజమే అయ్యుండొచ్చు, కర్ర మాట వేరే. నాకు మాత్రం ఈ కర్రే ఎక్కువ అనిపించింది. బహుమానమైతే అది దొరది. ఇది ముత్తాత స్వయంగా చేసుకున్నది. ఆయన ఫోన్ పెట్టేసినాడు.

నూనె దగ్గర ఇంకో తిప్పలు. అవ్వ చెప్పేది, ముత్తాత సంతలో అగసె నూనె కొనేవాడని. కన్నడంలో అగసె అన్నా, తెలుగులో అవిసె అన్నా రెండు అర్థాలు. ఒకటి పూలు కూర వండుకునే చెట్టు, ఇంకోటి గింజల మొక్క. మనకి కావలసింది గింజల నూనె. అది గాలి తగిలి మెల్లగా చెక్కలో గట్టిపడుతుంది. కొబ్బరి నూనె గట్టిపడదు, జిడ్డుగానే ఉండిపోతుంది. మా కర్ర చేతికి అంటుకోవడానికి కారణం బహుశా ఎవరో ప్రేమగా పూసిన ఆ కొబ్బరి నూనే. పెయింటు అంగడిలో ఉడికించిన అవిసె నూనె ఇస్తారు. అందులో త్వరగా ఆరడానికి మందులు కలిపి ఉంటాయి, పచ్చి నూనె అడిగి తెచ్చుకోండి. నాలుగైదు చుక్కలు చాలు. అరచేయి వేడెక్కేదాకా రుద్ది, రాత్రంతా వదిలి, పొద్దున మిగిలిన తేమ పూర్తిగా తుడిచేయాలి. రెండోరోజు మళ్ళీ ఒకసారి. బాణం మొనలు తేనెరంగులో పైకి వచ్చినాయి.

ఒక ముఖ్యమైన మాట. నూనె గుడ్డని ఉండ చుట్టి చెత్తబుట్టలో వేయొద్దు. ఈ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దగా ఉన్న గుడ్డ దానంతట అదే అంటుకోవచ్చు. విప్పి దండెం మీద ఆరేయండి.

మూడోరోజు పెదనాయనే ఫోన్ చేసినాడు. "పట్టుకునే చోట తుడిచేసినావా?" అని అడిగినాడు. ఇంకా లేదు అన్నా. "అది వదిలేయి, ఆయన చెయ్యి ఉండేది అక్కడే" అన్నాడు. ఎబోనీ మీద బెత్తెడు చోటు నలుపు అట్లే ఉంచినా. ఉగాదికి వచ్చి చూస్తాడంట. అంతవరకు గోడకి ఆనించకుండా బీరువా మీద పడుకోబెట్టినా, ఆనిస్తే వంగిపోతుంది.