ఆపడమా, కట్టడి చేయడమా? స్టార్ గార్డ్ ముందు నిలబడ్డవాళ్ళ కథ

ఈసారి చరిత్ర వ్యాసానికి బాస్కెట్‌బాల్ తీసుకున్నాను. మా గుడిలో ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లల్లో చాలామంది జెర్సీల్లోనే వస్తారు. ప్రసాదం తిని నేరుగా జిమ్‌కి వెళ్తారు. వాళ్ళు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అంకుల్, అవతలి టీమ్‌లో ఒక గార్డ్ ఉన్నాడు. వాడిని ఎలా ఆపాలి?"

నేను కోచ్‌ని కాదు. కానీ చరిత్ర చదవడం నాకిష్టం, ఈ ప్రశ్నకి చరిత్రలో మంచి జవాబులు ఉన్నాయి. ముందు రెండు మాటలు నేర్చుకుందాం. "ఆపడం" మీ అందరికీ తెలుసు. రెండో మాట "కట్టడి చేయడం". తెలుగు పేపర్లలో ఆటల పేజీ చూడండి, ఈ మాట తరచుగా కనిపిస్తుంది. పూర్తిగా ఆపకపోయినా హద్దులో ఉంచడమే కట్టడి. సెంచరీ కొట్టే బ్యాట్స్‌మన్‌ని 30 పరుగులకే పరిమితం చేస్తే, అతన్ని కట్టడి చేశారు అంటాం. ఈ రెండు మాటల మధ్య తేడాయే ఈ వ్యాసం.

గార్డ్ అంటే కాపలావాడు

ఈ ఆట 1891 డిసెంబరులో పుట్టింది. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వైఎంసీఏ శిక్షణ పాఠశాలలో, జేమ్స్ నైస్మిత్ అనే టీచర్ రెండు పీచ్ పండ్ల బుట్టలు గోడకి తగిలించి 13 నియమాలు రాశాడు. మొదటి ఆటలో జట్టుకి 9 మంది. బంతి పట్టుకుని పరుగెత్తకూడదు. ఆ తొలి రోజుల్లో గార్డులు నిజంగానే కాపలావాళ్ళు. తమ బుట్ట దగ్గర ఉండి అవతలివాళ్ళని అడ్డుకోవడం వాళ్ళ పని. తర్వాత డ్రిబుల్ వచ్చింది. బంతిని నేలకి కొడుతూ ముందుకు తీసుకెళ్ళే పని నెమ్మదిగా గార్డుల చేతికి వచ్చింది. పేరు మాత్రం మారలేదు. అందుకే ఈ రోజు మన సమస్య వింతగా ఉంటుంది: కాపలావాడికే కాపలా కాయాలి!

ఈ ఆట మన దేశానికి వచ్చింది కూడా వైఎంసీఏ వల్లే. 1920లో హ్యారీ బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల మొదలుపెట్టాడు. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి. కాబట్టి మీ తాతగారి స్కూల్లో డ్రిల్ మాస్టారు ఈ ఆట నేర్పి ఉంటే, ఆ దారి వెనక్కి స్ప్రింగ్‌ఫీల్డ్ దాకా వెళ్ళవచ్చు.

బాస్కెట్‌బాల్ తెలియని బామ్మగారికి స్టార్ గార్డ్ గురించి చెప్పాలంటే కబడ్డీ గుర్తుచేయండి. కూతకి వచ్చే మంచి రైడర్ లాంటివాడు అనండి. అతన్ని ఒక్కడే పట్టుకోబోతే జారిపోతాడు. పక్కవాళ్ళు చేతులు పట్టుకుని గొలుసులా నిలబడితే దొరుకుతాడు. కానీ కబడ్డీ రైడర్ ఒంటరిగా వస్తాడు. బాస్కెట్‌బాల్ గార్డ్‌తో ఇంకో నలుగురు వస్తారు. అసలు కష్టం అక్కడే ఉంది.

ఇండియానా, 1954 నుంచి 1956 దాకా

స్కూలు బాస్కెట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే రాష్ట్రం ఇండియానా. అక్కడ మైలన్ అనే చిన్న ఊరు ఉంది. 1954లో ఆ ఊరి హైస్కూల్లో 161 మంది విద్యార్థులు. వాళ్ళ స్టార్ గార్డ్ బాబీ ప్లంప్. రాష్ట్ర ఫైనల్లో వాళ్ళ ఎదుట తమకంటే ఎన్నో రెట్లు పెద్దదైన మన్సీ సెంట్రల్ హైస్కూల్.

నాలుగో క్వార్టర్లో ప్లంప్ బంతి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నాలుగు నిమిషాలకు పైగా! అప్పట్లో స్కూలు ఆటకి షాట్ క్లాక్ లేదు. మన్సీ వాళ్ళు రెండు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నారు కాబట్టి తమ జోన్ వదిలి బయటికి రాలేదు. జోన్ అంటే మనిషిని కాకుండా స్థలాన్ని కాపాడే పద్ధతి. ఆట మెల్లగా 30-30కి వచ్చింది. చివరి సెకన్లలో మైలన్ ఆటగాళ్ళు నలుగురూ పక్కకి తప్పుకున్నారు. ప్లంప్ ముందు ఒక్క డిఫెండర్ మిగిలాడు. ప్లంప్ షాట్ వేశాడు. 32-30. తర్వాత 1986లో వచ్చిన "హూజియర్స్" సినిమాకి ఈ జట్టే స్ఫూర్తి.

ఇక్కడ డిఫెన్స్ పాఠం ఏమిటి? స్టార్‌తో ఎవరినైనా ఒంటరిగా వదిలేస్తే చివరికి గెలిచేది స్టారే. ఆ ఒక్క డిఫెండర్ తప్పు చేయలేదు. అతని పక్కన ఎవరూ లేరు, అంతే.

అదే టోర్నమెంటులో, ఫైనల్‌కి ముందు, మైలన్ 65-52తో ఇండియానాపొలిస్‌లోని క్రిస్పస్ అటక్స్ హైస్కూల్‌ని ఓడించింది. అటక్స్‌లో అప్పుడు ఒక కుర్రాడు ఉన్నాడు. పేరు ఆస్కార్ రాబర్ట్‌సన్. అటక్స్ నల్లజాతి పిల్లల కోసం 1927లో తెరిచిన స్కూలు. 1942 దాకా వాళ్ళని రాష్ట్ర టోర్నమెంటులోకే రానివ్వలేదు.

ఆ తర్వాత రాబర్ట్‌సన్‌ని కట్టడి చేయడం ఎవరి వల్లా కాలేదు. 1955లో అటక్స్ 97-74తో ఫైనల్ గెలిచింది. 1956లో ఒక్క ఆట కూడా ఓడకుండా మళ్ళీ గెలిచింది. ఆ ఫైనల్లో రాబర్ట్‌సన్ 39 పాయింట్లు చేశాడు. కోచ్ రే క్రో.

కానీ 1955 విజయం రాత్రి జరిగింది వినండి. గెలిచిన జట్టు ఊరి మధ్యలో ఉన్న మాన్యుమెంట్ సర్కిల్ దగ్గర సంబరం చేసుకోవడం ఆనవాయితీ. ఆనవాయితీ అంటే ఎప్పటినుంచో వస్తున్న అలవాటు. అటక్స్ పిల్లలని ఫైర్ ట్రక్కు మీద సర్కిల్ చుట్టూ తిప్పి, అక్కడ ఆగనివ్వకుండా నల్లవాళ్ళు ఉండే పేటలోని ఒక పార్కుకి తీసుకెళ్ళారు. అధికారులు గొడవలు అవుతాయని భయపడ్డారట. ఆ బాధ రాబర్ట్‌సన్ మనసులో చాలా ఏళ్ళు ఉండిపోయింది. కోర్టులో ఆపలేని పిల్లవాడిని వీధిలో ఆపారు. ఆటలో ఒకరిని కట్టడి చేయడం న్యాయమే. మనిషిని ఆపడం న్యాయం కాదు. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

కర్రీకి సున్నా

2008 నవంబర్ 25. స్టెఫెన్ కర్రీ అప్పుడు డేవిడ్‌సన్ అనే చిన్న కాలేజీలో గార్డ్. ఆ సీజన్లో దేశంలోని కాలేజీ ఆటగాళ్ళందరిలో ఎక్కువ సగటు అతనిదే, ఆటకి 28.6 పాయింట్లు. ఆ రోజు మేరీల్యాండ్‌లోని లయోలా కాలేజీతో ఆట. లయోలా కోచ్ జిమ్మీ పాట్సోస్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. కర్రీ ఎక్కడ ఉంటే అక్కడ, బంతి ఉన్నా లేకపోయినా, ఇద్దరు కాపు కాయాలి. ఆట మొత్తం!

కర్రీ ఏం చేశాడు? కోపం తెచ్చుకోలేదు. వెళ్ళి ఒక మూల నిలబడ్డాడు. ఆ ఇద్దరూ అతనితో పాటు మూలలోనే నిలబడ్డారు. మిగతా కోర్టులో నలుగురికి ముగ్గురు. డేవిడ్‌సన్ హాయిగా ఆడుకుని 78-48తో గెలిచింది. కర్రీ వేసింది మూడే షాట్లు, చేసింది సున్నా.

లయోలా కర్రీని ఆపింది. కానీ ఆటలో 30 పాయింట్ల తేడాతో ఓడింది.

మహాభారతం తెలిసినవాళ్ళకి ఇక్కడ సైంధవుడు గుర్తుకు రావాలి. పద్మవ్యూహంలోకి అభిమన్యుడు వెళ్ళినప్పుడు, వెనక వచ్చే పాండవులని సైంధవుడు శివుడి వరం బలంతో అడ్డుకున్నాడు. అందుకే తెలుగులో ప్రతి పనికీ అడ్డుపడేవాడిని "సైంధవుడు" అంటాం. లయోలా దగ్గర కర్రీ చుట్టూ వ్యూహం ఉంది. మిగతా నలుగురిని అడ్డుకునే సైంధవుడు లేడు.

టొరంటో, 2019

పదేళ్ళ తర్వాత అదే కర్రీ, పెద్ద వేదిక. 2019 జూన్ 2, ఎన్‌బీఏ ఫైనల్స్ రెండో ఆట. గోల్డెన్ స్టేట్ వారియర్స్‌లో కెవిన్ డ్యూరంట్ గాయంతో ఆడటం లేదు. నాలుగో క్వార్టర్లో క్లే థాంప్సన్ కూడా గాయంతో బయటికి వెళ్ళాడు. టొరంటో రాప్టర్స్ కోచ్ నిక్ నర్స్ అప్పుడు "బాక్స్ అండ్ వన్" వేయించాడు. అంటే నలుగురు డబ్బా ఆకారంలో జోన్‌లో నిలబడతారు, ఒకడు మాత్రం స్టార్ వెంట నీడలా తిరుగుతాడు. ఇది హైస్కూల్, మిడిల్ స్కూల్ జట్ల పద్ధతి. ఎన్‌బీఏలో 1947 నుంచి 2001 దాకా జోన్ డిఫెన్సే నిషిద్ధం. అందుకే ఫైనల్స్‌లో దీన్ని చూసి అందరూ ఆశ్చర్యపోయారు.

నీడలా తిరిగినవాడు ఫ్రెడ్ వాన్‌వ్లీట్. పొట్టివాడు, డ్రాఫ్ట్‌లో ఏ జట్టూ తీసుకోనివాడు. ఐదు నిమిషాలకు పైగా వారియర్స్‌కి ఒక్క పాయింటు రాలేదు. కానీ చివర్లో ఇద్దరు కర్రీ మీదకి వెళ్ళారు. బంతి ఖాళీగా ఉన్న ఆండ్రే ఇగొడాలా చేతికి వచ్చింది. అతని త్రీ పాయింటర్‌తో వారియర్స్ 109-104తో గెలిచారు. సిరీస్ మాత్రం చివరికి టొరంటో 4-2తో గెలిచింది.

లయోలాకీ టొరంటోకీ తేడా చూశారా? లయోలా ఇద్దరిని ఖర్చు పెట్టింది. టొరంటో ఒక్కరిని ఖర్చు పెట్టి, మిగతా నలుగురితో బుట్టని కాపాడింది. ఇద్దరిని పంపిన ఆ ఒక్క క్షణంలోనే దెబ్బ తిన్నది. డిఫెన్స్‌లో ఏదీ ఉచితం కాదు. స్టార్ మీద ఎంత ఖర్చు పెడితే ఇంకోచోట అంత అప్పు మిగులుతుంది.

రెడ్‌వుడ్ సిటీ అమ్మాయిలు

ఇప్పుడు పిల్లల ఆటకి వద్దాం. ముంబైలో పుట్టి, ఇక్కడ సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన వివేక్ రణదివే కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ సిటీలో తన కూతురి జట్టుకి కోచ్ అయ్యాడు. పన్నెండేళ్ళ అమ్మాయిలు. రణదివే ఈ ఆట ఆడి పెరిగినవాడు కాదు. మాల్కం గ్లాడ్‌వెల్ 2009లో న్యూయార్కర్ పత్రికలో ఈ కథ రాశాడు. రణదివే తర్వాత 2013లో శాక్రమెంటో కింగ్స్ జట్టునే కొన్నాడు.

అతనికి ఒకటి వింతగా అనిపించింది. పెద్ద కోర్టు పొడవు 94 అడుగులు. పాయింటు వేయగానే జట్లన్నీ వెనక్కి పరుగెత్తి, చివరి 24 అడుగులే కాపాడతాయి. మిగతాదంతా అవతలివాళ్ళకి ఎందుకు ఇచ్చేయాలి? అందుకని అతని అమ్మాయిలు కోర్టు మొత్తం కాపు కాశారు. దీన్ని ఫుల్ కోర్ట్ ప్రెస్ అంటారు. నియమం ప్రకారం గీత బయటి నుంచి బంతిని 5 సెకన్లలో లోపలికి వేయాలి, 10 సెకన్లలో సగం కోర్టు దాటించాలి. బంతి వేసే అమ్మాయిని వీళ్ళు వదిలేసేవాళ్ళు. అలా మిగిలిన ఒక మనిషిని అవతలి జట్టులో అందరికంటే బాగా ఆడే అమ్మాయి దగ్గర రెండో కాపలాగా పెట్టేవాళ్ళు. అంటే స్టార్ చేతికి బంతి రాకముందే డిఫెన్స్ మొదలు. లయోలాలాగా ఇక్కడ కూడా ఇద్దరే. కానీ ఆట మొత్తం కాదు, బంతి లోపలికి వచ్చే ఆ కొన్ని సెకన్లకే.

వాళ్ళు జాతీయ పోటీల దాకా వెళ్ళి అక్కడ ఓడారు. దారిలో అవతలి కోచ్‌లకి చాలా కోపం వచ్చింది. "చిన్నపిల్లలు షాట్ వేయడం, డ్రిబుల్ చేయడం నేర్చుకోవాలి, ఇలా బంతి లాక్కోవడం కాదు" అన్నది వాళ్ళ వాదన. రెండు వైపులా నిజం ఉంది. బలం తక్కువ ఉన్న పిల్లలకి కష్టపడి పరుగెత్తడం ఒక్కటే ఆయుధం. కానీ బంతి పట్టుకోవడమే సరిగ్గా రాని ఎనిమిదేళ్ళ పిల్ల మీదకి ఇద్దరు వస్తే, ఆ పిల్ల మళ్ళీ జిమ్‌కి రాకపోవచ్చు. అందుకే మరీ చిన్న వయసులో జోన్ వద్దు, ఒకరికి ఒకరు కాపు కాయడమే నేర్పండి అని ఎన్‌బీఏ, యూఎస్ఏ బాస్కెట్‌బాల్ కలిసి సూచించాయి. మీ లీగ్ నియమాలు ముందు చదవండి.

మరి మా పిల్లలకి ఏం చెప్తాను?

ఒకటి, బంతి వచ్చాక కాదు, రాకముందే పని మొదలుపెట్టు. స్టార్‌కీ బంతికీ మధ్య దారిలో చెయ్యి పెట్టు.

రెండు, బంతి వచ్చేస్తే లాక్కోవడానికి చెయ్యి చాపకు. కాళ్ళు కదుపు. అతని వాటం కాని చేతివైపుకి తోలు. వాటం అంటే ఎక్కువ అలవాటున్న వైపు.

మూడు, మాట్లాడు. "స్క్రీన్ వస్తోంది", "నేనున్నాను" అని అరువు. ప్లంప్ ముందు నిలబడ్డ కుర్రాడికి లేనిది ఆ "నేనున్నాను" అనే మాటే.

నాలుగు, స్టార్‌ని ఒక్కడే ఆట మొత్తం కాయకూడదు. ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకోండి. అలసిపోయినవాడికి కోపం వస్తుంది, కోపం వస్తే ఫౌల్ చేస్తాడు.

ఐదు, స్టార్ 20 పాయింట్లు చేసినా తలదించుకోకు. ఎన్ని షాట్లు కష్టపడి వేయించావో లెక్కపెట్టు. అదే కట్టడి.

చివరగా, ఇందాక ఆపిన మాట. అభిమన్యుడిని అందరూ కలిసి చుట్టుముట్టి చంపినందుకు కౌరవులని ఈ రోజుకీ ఎవరూ మెచ్చుకోరు. అతని వయసు చిన్నది, వాళ్ళు పెద్దవాళ్ళు. స్టాండ్స్‌లో కూర్చున్న తల్లిదండ్రులు అవతలి స్టార్ పిల్లవాడి పేరు పెట్టి అరవడం, "వాడిని కింద పడేయండి" అనడం నేను విన్నాను. అది డిఫెన్స్ కాదు. ఆ స్టార్ కూడా ఎవరి ఇంటి పిల్లవాడో. ఆట అయ్యాక వెళ్ళి అతనికి చెయ్యి ఇవ్వండి.

ఈ వారం పని: మీ ఇంట్లో పెద్దవాళ్ళని "కట్టడి" అనే మాట మీద మూడు వాక్యాలు చెప్పమని అడగండి. ఆటలోంచి ఒకటి, వంటింట్లోంచి ఒకటి, డబ్బు ఖర్చు గురించి ఒకటి. ఉంటాను.